పప్పు ఉడికిన నీళ్ళు

మా బాపుది వరంగల్ బజార్లో పప్పుల దుకాణం. నేను కందిపప్పు దుమ్ములోనే పుట్టి పెరిగాను. గిరాకీ ఎవరైనా వచ్చి "సేటూ, మొన్న తీస్కపోయిన పప్పు ఎంతసేపు పెట్టినా ఉడుకుతలేదు" అంటే బాపు మొహం మాడిపోయేది. "పప్పు మంచిదే. మీ బాయి నీళ్ళే మంచిగ లెవ్వు. వేరే బాయి నీళ్ళు తెచ్చి ఉడికియ్యి. అప్పుడు గూడ ఉడకకపోతే వాపసు తీస్కుంట" అనేవాడు. వాపసు తెచ్చినవాళ్ళను నేను చూడలేదు. అట్లా మా ఇంట్లో ఒక చట్టం స్థిరపడిపోయింది. నీళ్ళు మంచివో కావో తెలియాలంటే వాటిలో గుప్పెడు కందిపప్పు వేసి పొయ్యి మీద పెట్టాలి. మెత్తగా ఉడికితే తాగే నీళ్ళు, పలుకుగా మిగిలితే గిన్నెలు తోముకునే నీళ్ళు. మా తాత ఇది నమ్మాడు, బాపు నమ్మాడు, డిగ్రీ చదివిన నేనూ నమ్మాను. నా పిల్లల విషయంలో నేను చేసిన తప్పు ఆ గుప్పెడు పప్పుతోనే మొదలైంది.

పెళ్ళయ్యాక మేము కాజీపేట అవతల ఒక కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. మా ఆయనది రైల్వే ఉద్యోగం, డ్యూటీకి దగ్గరవుతుందని అక్కడ ప్లాటు తీసుకున్నాడు. అప్పటికి మా పెద్దపిల్లకు ఏడాది. చుట్టుపక్కల ఎటు చూసినా మన దగ్గర అంతటా ఉండే ఎర్రటి బూడిదరంగు బండలే. మా ఇంటి వెనక మాత్రం నల్లటి గుండ్లు వరుసగా, ఎవరో గీత గీసి పేర్చినట్టు, చాలా దూరం పోతాయి. పునాది తవ్విన మేస్త్రీలు ఆ నల్లరాయికి గునపం తగిలితే తిట్టుకునేవాళ్ళు. నేను దానిమీద వడియాలు ఎండబెట్టుకునేదాన్ని. అంతకు మించి ఆ రాళ్ళ గురించి ఆలోచించవలసిన అవసరం ఉంటుందని నాకు తెలియదు.

ఆ నల్లరాళ్ళకు అవతలి పక్కన కాలనీ అందరికీ కలిపి ఒక పాత బోరు ఉండేది. దాని నీళ్ళు ఉత్త చవుడు. బకెట్ల అంచుకు తెల్లగా గార కట్టేది, సబ్బు నురగ రాదు, పప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. పప్పుల సేటు బిడ్డనై ఉండి నా ఇంట్లో పప్పు ఉడకకపోతే నా పరువేం కావాలి? మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకొని పోరి, మా స్థలంలోనే, రాళ్ళకు ఇవతలి పక్కన బోరు వేయించాను. పైన నీళ్ళు పడలేదు. బోరు బండి అతను వద్దంటున్నా ఇంకా లోతుకు వేయించాను. చాలా లోతులో, బండ పగుళ్ళలో పడ్డాయి నీళ్ళు.

నీళ్ళు తేటపడ్డాక బాపు వచ్చాడు. చొక్కా జేబులో పొట్లం కట్టి తన దుకాణం పప్పు తెచ్చుకున్నాడు. కుక్కర్ వద్దన్నాడు, గిన్నెలోనే పెట్టమన్నాడు. పొయ్యి పక్కన పీట వేసుకొని కూర్చొని, మధ్య మధ్య ఒక్కొక్క పప్పు గరిటెతో తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. కాసేపటికే అది వెన్నలాగా నలిగిపోయింది. బాపు ఒక గ్లాసు పచ్చి నీళ్ళు తాగి, నోట్లో కాసేపు పెట్టుకొని మింగాడు.

"తియ్యగున్నయి బిడ్డా. ఇసొంటి నీళ్ళు బజార్ల గూడ లెవ్వు. ఫికర్ లేకుంట తాగున్రి" అన్నాడు.

ఆ రోజు నాకు కలిగిన గర్వం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. పక్కింటివాళ్ళు బిందెలు పట్టుకొని వస్తే రాణిలాగా పైపు అందించాను. తర్వాత కొన్నాళ్ళకు మా కాలనీకి నల్లా నీళ్ళు వచ్చాయి. వాటికి బ్లీచింగ్ వాసన. వాటిని మొక్కలకు పోశాను, వాకిలి కడిగాను. పిల్లకు మాత్రం మా బోరు నీళ్ళే తాగించాను.

పెద్దపిల్లకు ఆరేళ్ళు రాబోతుండగా చిన్నది పుట్టింది. పుట్టుకతోనే బలహీనం, ఊరికే జలుబు చేసేది, విరేచనాలు పట్టేవి. ఆరు నెలలకు దానికి నీళ్ళు పట్టడం మొదలుపెట్టినప్పుడు మా అత్తమ్మ ఒక పద్ధతి చెప్పింది. "పసిపిల్లకు ఉత్తగ కాచిన నీళ్ళు పోస్తే లాభం లేదమ్మా. గిన్నెడు నీళ్ళు సగం అయ్యేదాక మరగనియ్యి. అప్పుడే రోగాలు చస్తయి" అంది. తన పిల్లలందరినీ అట్లాగే పెంచానంది. నేను రెండాకులు ఎక్కువ చదివాను. సగం కాదు, సగానికంటే తక్కువయ్యేదాకా మరిగించేదాన్ని. గిన్నె అడుగున సన్నగా తెల్లటి పొర మిగిలితే, చెడంతా ఇందులోకి దిగింది, నా బిడ్డ తప్పించుకుంది అనుకునేదాన్ని.

ఇంతలో పెద్దదానికి పాలపళ్ళు ఊడి ముందుపళ్ళు వచ్చాయి. మొదట సుద్ద పూసినట్టు తెల్లగా ఉన్నాయి. ఆ తర్వాత వాటిమీద అడ్డంగా గోధుమరంగు గీతలు కనబడసాగాయి. నేను కోపిష్టిదాన్ని, దాచుకోవడమెందుకు. బ్రష్ సరిగ్గా చేయడంలేదని మొదట తిట్టాను. తర్వాత రోజూ పొద్దున పెరట్లో నిలబెట్టి, ఉప్పూ బొగ్గుపొడీ కలిపి నేనే తోమేదాన్ని. చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినా ఆపలేదు. "నేను మంచిగనే తోముకుంటాన్నమ్మా" అని అది ఏడుస్తుంటే, అబద్ధాలు కూడా నేర్చావా అని ఒకరోజు చెంప మీద కొట్టాను.

ఆ వారంలోనే దాని బడికి పళ్ళ డాక్టరమ్మ వచ్చి పిల్లలందరినీ చూసిందట. పెద్దది ఒక చీటీ తెచ్చి ఇచ్చి గోడకు ఆనుకొని నిలబడింది. తల్లిదండ్రులు వచ్చి కలవాలని రాసి ఉంది. దెబ్బలాడదామన్నంత కోపంతోనే పోయాను. ఆమె నన్ను అడిగింది ఒకే ప్రశ్న.

"ఏ నీళ్ళు తాగుతాన్రు?"

"మా బోరు నీళ్ళు మేడం. చాలా మంచియి. పప్పు ఇట్ల ఉడుకుతది" అని చిటికె వేసి చూపించాను.

ఆమె నవ్వలేదు. "నీళ్ళు టెస్ట్ చేయించున్రి. ఫ్లోరైడ్ ఉందేమో చూడాలె. గీ గీతలు తోమితే పొయ్యేటియి కావు, పన్ను లోపల్నుంచి వచ్చినయి. పాప తప్పేం లేదు" అంది.

ఫ్లోరైడ్ అన్న మాట వినగానే నాకు ఒక మనిషి గుర్తుకొచ్చాడు. నా చిన్నప్పుడు మరిపెడ దిక్కు నుంచి ఒక రైతు బాపు దుకాణానికి వచ్చేవాడు. నడుము నుంచి పైభాగం నేలకు సమాంతరంగా వంగిపోయి ఉండేది. మెడ తిరిగేది కాదు. బాపు మొహం చూడాలంటే నాలుగడుగులు వెనక్కి పోయి, ఒంటినంతా పక్కకు తిప్పి, కంటి చివర నుంచి చూసేవాడు. అంత ముసలివాడు కూడా కాదు. బస్తాలు మోసి మోసి అట్లా అయిపోయాడేమో అనుకునేవాళ్ళం. మా ఊళ్ళ నీళ్ళల్ల ఫ్లోరైడ్ అట సేటూ, ఎముకల్ల కూసున్నదట, అని అతను బాపుతో చెప్పడం నేను విన్నాను. విని, పప్పు తూకం వేస్తూ మర్చిపోయాను. ఇప్పుడు బడి గేటు దాకా నడుస్తుంటే నా ముందు నడుస్తున్న పెద్దదాని వీపునే చూస్తున్నాను. స్కూలు బ్యాగు బరువుకు కాస్త ముందుకు వంగి నడుస్తోంది. బ్యాగు లాక్కొని నా భుజానికి వేసుకున్నాను. అప్పుడూ అది వంగే నడుస్తున్నట్టు నాకు అనిపించింది.

మా బోరు నీళ్ళు ఒక సీసాలో, పాత బోరు నీళ్ళు ఇంకో సీసాలో పట్టి నీటి పరీక్షల ఆఫీసులో ఇచ్చి వచ్చాం. కాగితం రావడానికి పట్టిన రోజుల్లో నేను అన్నం సరిగ్గా తిన్నది లేదు. వచ్చాక చూస్తే అంతా తలకిందులు. సబ్బు నురగ రాని, పప్పు ఉడకని ఆ పాత బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ హద్దులోపలే ఉంది. మా తియ్యటి నీళ్ళలో హద్దుకు రెండింతలు పైనే ఉంది. సీసాలు తారుమారై ఉంటాయని ఆఫీసులో గొడవ పెట్టుకున్నాను. మిషన్ ఖరాబైందేమో చూడమన్నాను. పాపం, అక్కడి మనిషి ఓపికగా మళ్ళీ సీసాలు తెప్పించుకొని మళ్ళీ చేశాడు. అదే లెక్క వచ్చింది. అప్పటికీ నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు, బోరు నీళ్ళు మానలేదు.

ఇంత దగ్గర దగ్గర బోర్లలో ఇంత తేడా ఏమిటని ఆ ఆఫీసు వాళ్ళే ఒక మేడంకు చెప్పారు. కాలేజీలో రాళ్ళ గురించి పాఠం చెప్పే మేడం. ఒక ఆదివారం పొద్దున ఆటోలో దిగింది, చేతిలో చిన్న సుత్తి. ఇంట్లోకి రాకముందే పెరట్లోకి పోయి నేను వడియాలు పెట్టే నల్లరాయిని చిన్న పెచ్చు కొట్టి చూసింది. "గిదే మీ నీళ్ళ కథ" అంది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. మన కాళ్ళ కింద ఉన్న బండంతా ఒకప్పుడు కరిగిన ముద్ద. భూమి లోపల మెల్లమెల్లగా చల్లారి గట్టిపడింది. గట్టిపడేటప్పుడు ముందు కొన్ని ఖనిజాలు గడ్డకట్టి విడిపోతాయి. వాటిలో ఇమడనివన్నీ మిగిలిన కొద్దిపాటి ద్రవంలో చేరి చిక్కబడతాయి. ఫ్లోరైడ్ అట్లాంటిదే. చివరగా గడ్డకట్టిన భాగంలో, అభ్రకంలాంటి ఖనిజాల్లో అది కూర్చుంటుంది. ఆ తర్వాత ఎన్నో కోట్ల ఏళ్ళకు ఆ బండ పగిలింది. అగ్నిపర్వతాల్లో నుంచి పైకి వచ్చేలాంటి కరిగిన రాయే ఆ పగులులోకి కింది నుంచి ఎగదన్నింది, పైకి పొంగకుండా మధ్యలోనే చల్లారిపోయింది. అదే మా ఇంటి వెనక నల్లరాళ్ళ వరుస. అది పైకి కనిపించేది మోకాలెత్తే అయినా, లోపలికి చాలా లోతుదాకా గోడలాగా దిగి ఉందట. నీళ్ళను అటు ఇటు పోనియ్యదట.

"అవతలి బోరు లోతు తక్కువ. వాన నీళ్ళు ఏటేటా దిగి మారుతయి. సున్నం ఉంటది వాటిల. సున్నం ఉంటే ఫ్లోరైడ్‌ను నీళ్ళల్ల నిలవనియ్యది, గుంజి కిందికి దించుతది" అంది మేడం. "మీ దిక్కు నీళ్ళకు గోడ అడ్డం. ఎన్నేండ్ల సంది కదలకుంట ఆ బండలల్లనే నానుతున్నయో. నానీ నానీ సున్నం పోయింది, సోడా ఎక్కువైంది, ఫ్లోరైడ్ కరిగింది. సున్నం లేదు కాబట్టే మీకు పప్పు ఉడికింది. తియ్యగున్నది గూడ అందుకే."

మా తాత నుంచి వచ్చిన చట్టం, మా ఇంటి మంచినీళ్ళ పరీక్ష, మమ్మల్ని సరిగ్గా విషం దగ్గరికి తీసుకుపోయింది. పప్పు ఎంత తొందరగా ఉడికితే అంత సంబరపడ్డాం.

"లోపల ఇంక మంట ఉన్నదా మేడం? మల్ల పైకొస్తదా?" అని అడిగాను. పిచ్చి ప్రశ్నే. కానీ ఆ క్షణంలో నేను నిలబడ్డ నేల మీద నాకు నమ్మకం పోయింది.

"అది చల్లారినప్పుడు భూమ్మీద మనుషులు కాదు, జంతువులు గూడ లెవ్వు. మంటతోని మీకు భయం లేదమ్మా" అంది.

అది చల్లారిందంటే ధైర్యం రావాలి కదా, రాలేదు. మంట అయితే పొగ కనిపిస్తుంది, వేడి తగులుతుంది, పిల్లల్ని ఎత్తుకొని పరుగెత్తొచ్చు. ఈ విషానికి రంగు లేదు, వాసన లేదు, పైగా తియ్యగా ఉంది. దాన్ని నా చేత్తోనే గ్లాసులో పోసి, తాగు తాగు అని బతిమిలాడి పట్టాను.

మేడం పోబోతుంటే గేటు దగ్గర ఆపి అడిగాను. "చిన్నదానికి మాత్రం భయం లేదు గదా మేడం? దానికి అందరి లెక్క పచ్చి నీళ్ళు పొయ్యలే. సగానికి సగం మరగబెట్టి పోసిన."

ఆమె చేతిలోని సుత్తిని సంచిలో పెట్టుకుంది. "మరిగిస్తే నీళ్ళే ఆవిరైతయమ్మా. ఫ్లోరైడ్ పోదు. గిన్నెలనే ఉంటది. సగం నీళ్ళల్ల మొత్తం ఉంటది" అంది మెల్లగా.

ఆమె ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. నేను వంటింట్లోకి వచ్చి పొయ్యి మీద అప్పటికే మరుగుతున్న గిన్నెను చూశాను. కరిగిన బండ చల్లారుతూ చల్లారుతూ తనలోని ఫ్లోరైడ్‌ను చివరి చుక్కల్లో ఎట్లా పోగుచేసిందో, నేనూ ఏడాది పాటు రోజూ పొద్దునే అదే పని చేశాను. అందరికంటే బలహీనమైనదానికి అందరికంటే చిక్కటి నీళ్ళు పోశాను. అత్తమ్మ వెనక నుంచి వచ్చి "ఏమైందే?" అంది. ఆమె మీద అరవాలనిపించింది. ఆమె సగం అంటే నేను సగానికంటే తక్కువ చేశానని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే ఇంటింటికీ తిరిగి, మా బోరు నీళ్ళు ఎవరూ తాగొద్దని చెప్పాను. కొందరు కారం కలిపినట్టు మాట్లాడారు, పడ్డాను. మరుసటి రోజు నుంచి నల్లా నీళ్ళు తాగుతున్నాం. బ్లీచింగ్ వాసన ఇప్పుడు నాకు ధైర్యంగా ఉంటుంది.

ఎముకల డాక్టర్ దగ్గరికి ఇద్దరినీ తీసుకుపోయాం. దవాఖానలో ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చున్నంతసేపూ నేను మా ఆయన చెయ్యి వదల్లేదు. పదిమందిలో చెయ్యి పట్టుకునే అలవాటు మాకు లేదు. ఆయన కూడా వదిలించుకోలేదు. పెద్దదాని మోకాళ్ళు, నడుము, ముంజేయి అన్నీ ఫోటోలు తీశారు. డాక్టర్ వాటిని వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎముకలు మంచిగనే ఉన్నయి. టైముకు ఆపిన్రు. పాలు, గుడ్లు మంచిగ పెట్టున్రి. పళ్ళ మీది గీతలు మాత్రం పోవు" అన్నాడు.

నేను అక్కడే ఏడ్చాను. ఏడుస్తూనే చిన్నదాన్ని ముందుకు తోసి, దీని సంగతి చెప్పండి సార్ అన్నాను. అప్పటికి దానికి ఏడాదిన్నర. నోరు తెరిపించి చూస్తే చక్కటి పాలపళ్ళు, బియ్యపు గింజల్లాగా.

"గివి కడుపుల ఉన్నప్పటి సంది తయారైతయి, వీటిల ఏం తెల్వది. పెద్దపళ్ళు ఇప్పుడు చిగుళ్ళ లోపల తయారైతాన్నయి. వచ్చినంక గని తెల్వది" అన్నాడు.

"ఎప్పుడొస్తయి సార్?"

"ఆరేండ్లు, ఏడేండ్లు. అప్పటిదాక ఆగుడే."

బాపుకు ఈ సంగతి చెప్పడానికి నాకు వారం పట్టింది. దుకాణంలో గల్లా వెనక కూర్చొని అంతా విన్నాడు. సాయంత్రం దుకాణం మూసి మా ఇంటికి వచ్చి, పెద్దదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకొని "నోరు తెరువు బిడ్డా" అన్నాడు. చూశాడు. "నేను తాగి చూసిన గదనే. నా నాలికెకు తెల్వకపాయె" అన్నాడు నాతో. బాపు మీద నాకు వచ్చిన కోపం అప్పటికే చల్లారిపోయింది, కానీ ఆ మాట ఆయనకు నేను చెప్పలేదు. ఇప్పుడు గిరాకీలు పప్పు ఉడకడం లేదంటే బాపు వాపసు తీసుకొని వేరే పప్పు ఇస్తున్నాడు. నీళ్ళ మాట ఎత్తడు.

అప్పటి నుంచి నాలుగేళ్ళు దాటింది. ఈ నాలుగేళ్ళలో భయం లేకుండా గడిచిన రోజు ఉందా అంటే నాకు గుర్తులేదు. చిన్నది నవ్వితే నేను దాని నోట్లోకే చూస్తాను. మెట్లు దిగుతూ మోకాలు పట్టుకుంటే నాకు చెమటలు పడతాయి. పక్కన పడుకున్నప్పుడు దాని దవడ మీద చెయ్యి వేసి, ఈ చర్మం కింద, ఈ చిగురు కింద ఏముందో అనుకుంటాను. నేను పోసిన నీళ్ళన్నీ అక్కడ ఏ రంగులో గడ్డకట్టాయో అనుకుంటాను. మా ఆయన కసురుకుంటాడు. "ఊకె గదే యాది చేసుకుంట పిల్లను బెదిరియ్యకు" అంటాడు. కానీ ఆయన కూడా డ్యూటీ నుంచి రాగానే దాన్ని ఎత్తుకొని, "ఏదీ, ఇకిలియ్యి" అని ఆటలాగా అడగడం నేను చూశాను.

మొన్న ఆదివారం పొద్దున నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. పెద్దది మెట్ల మీద కూర్చొని జడ వేసుకుంటోంది. దానికి ఇప్పుడు పన్నెండు దగ్గర పడుతోంది. చిన్నది ఇంట్లో నుంచి ఉరికి వచ్చింది, వేలు నోట్లో పెట్టుకొని.

"అమ్మా, నా పన్ను ఊగుతాంది. సూడు, సూడు."

చేతిలోని తడి చీర జారి మట్టిలో పడింది. వంగి దాని కింది పెదవి వేలితో దించాను. ముందుపన్ను నిజంగానే ఊగుతోంది. దాని వెనక చిగురును చీల్చుకొని కొత్త పన్ను మొన కొంచెం కనబడుతోంది. అది మరీ చిన్నది, పైగా తడిగా ఉంది, ఏ రంగో నేను చెప్పలేకపోయాను. చిన్నది నవ్వి తల వెనక్కి లాక్కుంది.

"అమ్మా, నాకు గూడ అక్క పళ్ళ లెక్కనే వస్తయా? గీతలు గీతలు? నాకు అక్క లెక్కనే కావాలె" అంది.

దానికి అక్క ఏం చేసినా గొప్పే. అక్క వేసుకున్న రంగే కావాలి, అక్క తిన్న పళ్ళెమే కావాలి. నేను పెద్దదాని వైపు చూశాను. అది జడ అల్లడం ఆపి నా మొహం వైపే చూస్తోంది. అవును అనడానికి నాకు నోరు రాలేదు. కాదు, అట్లా రావొద్దు, దేవుడా అట్లా మాత్రం రావొద్దు అని నా ఒళ్ళంతా మొత్తుకుంటోంది. ఆ మాట పెద్దదాని ముందు ఎట్లా అనను?

"ముందు అది ఊడనియ్యి, తర్వాత చూద్దాం" అన్నాను చిన్నదానితో.

పెద్దది ఇంకాసేపు నన్ను చూసింది. తర్వాత సగం అల్లిన జడను అట్లాగే వదిలేసి, ఒక చేత్తో నోరు మూసుకొని లోపలికి పోయింది.